చిన్న బ్యాచ్‌ల తయారీలో కంట్రోల్ చార్ట్ గీయడం ఎలా?

కంట్రోల్ చార్ట్ గురించి ఏ శిక్షణలో కూర్చున్నా మొదట వినిపించే మాట ఇది: ఐదేసి పీసుల చొప్పున ఇరవై, ఇరవై ఐదు శాంపిళ్లు తీయండి, సగటు కట్టండి, హద్దులు గీయండి. అంటే హద్దు గీత పడేసరికే 100 నుంచి 125 పీసులు అయిపోవాలి. ఒకే డ్రాయింగ్ మీద రోజుకు వేల పీసులు తీసే చోట ఇది పూట పని. ఆర్డరే ఆరు పీసులైతే లెక్క మొదలయ్యేలోపే జాబ్ డిస్పాచ్ అయిపోతుంది. అందుకే చిన్న బ్యాచ్‌లు చేసేవాళ్లు "మాకు ఇది కుదరదులెండి" అని పక్కన పెట్టేస్తారు.

చిక్కు చార్ట్‌లో లేదు, చార్ట్ మీద ఏం పెడుతున్నామన్న దాంట్లో ఉంది. 1924 మే 16న అమెరికాలో టెలిఫోన్ పరికరాలు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ ఒక చిన్న మెమోలో కంట్రోల్ చార్ట్ ఆలోచనను తన పైఅధికారి ముందు పెట్టాడు. దాని సారం ఇంతే: ఏ పనిలోనైనా ఎప్పుడూ ఉండే చిన్నాచితకా హెచ్చుతగ్గులు ఒక రకం, ఫలానా కారణం వల్ల వచ్చిపడే మార్పు ఇంకో రకం. రెంటినీ విడదీసి చూపడమే చార్ట్ పని. ఇందులో పార్టు సైజు ప్రస్తావనే లేదు. పార్టులు మారుతుంటాయి. మెషీన్, టూల్, ఆపరేటర్, పద్ధతి మాత్రం అవే. కాబట్టి చార్ట్ వాటికి గీయాలి. అప్పుడు పది రకాల పార్టులు ఒకే కాగితం మీద కూర్చుంటాయి, ఇరవై రీడింగులకు నెలలు పట్టవు.

ఉదాహరణకు సీఎన్‌సీ లేత్ మీద షాఫ్టుల బయటి డయా తిప్పే పనిని తీసుకుందాం. గ్రైండింగ్, మిల్లింగ్, మౌల్డింగ్, పూత మందం, ఏదైనా దారి ఇదే.

మొదటి మెట్టు: ఏ పనులు ఒక చార్ట్ మీదికి వస్తాయి?

తొందరపడకూడని చోటు ఇది. ఒకే మెషీన్, ఒకే రకం ఆపరేషన్, ఒకే తరహా మెటీరియల్, ఒకే కొలత పరికరం ఉన్న పనులన్నీ ఒక కుటుంబం. 12 మి.మీ. షాఫ్టు, 35 మి.మీ. షాఫ్టు ఒకే ఇన్సర్ట్‌తో (టూల్ కొనకు బిగించే కోత ముక్క) ఫినిష్ కట్ పడుతుంటే ఒకే కుటుంబంలోకి వస్తాయి. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీల్ సాధారణంగా రావు.

బయటి డయాని, లోపలి బోరుని మాత్రం ఎప్పుడూ కలపకండి. టూల్ అరిగేకొద్దీ బయటి డయా పెరుగుతుంది, బోరు తగ్గుతుంది. రెండూ ఒకే చార్ట్ మీద పడితే ఒకటి పైకి, ఒకటి కిందికి పోయి అరుగుదల కనపడకుండా పోతుంది. కుటుంబం ఎంచేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ ఏదైనా చెడితే ఈ పార్టులన్నింటిలోనూ ఒకే దిక్కున కనిపిస్తుందా?" అవునంటేనే కలపండి.

రెండో మెట్టు: కొలిచే పరికరం సంగతి

0.01 మి.మీ. వరకే చదివే పరికరంతో రెండు మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే 0.001 మి.మీ.) హెచ్చుతగ్గుల్ని పట్టుకోలేం. రీడింగులన్నీ 20.00, 20.00, 20.01, 20.00 అని వస్తుంటే అది నిలకడ కాదు, పరికరానికి చూపు ఆనడం లేదని అర్థం. రేంజ్ చార్ట్‌లో (పక్కపక్క పీసుల తేడాల చార్ట్, నాలుగో మెట్టులో వస్తుంది) హద్దుల మధ్య నాలుగైదు వేర్వేరు విలువలు కూడా కనిపించకపోతే ముందు మంచి మైక్రోమీటర్ తెచ్చుకోండి, చార్ట్ తర్వాత. ఒకే పీసుని ఇద్దరు చెరో మూడుసార్లు కొలిచి చూస్తే కొలతలో ఎంత తేడా దాగుందో తేలిపోతుంది. పీసు చల్లారాక కొలవండి. వేడి మీద ఉన్న పీసు డయా పెద్దదిగా చూపిస్తుంది.

మూడో మెట్టు: కొలత బదులు తేడా రాయండి

కొలిచిన సైజులోంచి లక్ష్యం సైజు తీసేయండి. మిగిలింది చార్ట్ మీద పెట్టండి. 20.004 వస్తే, లక్ష్యం 20.000 అయితే, చార్ట్ మీద +4 మైక్రాన్లు. 34.999 వస్తే, లక్ష్యం 35.000 అయితే, −1.

లక్ష్యం అంటే డ్రాయింగ్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె అనుకుంటే పొరపాటే. షాఫ్టుకి 20 హెచ్7 (చిన్న అక్షరం h) అని ఉంటే టాలరెన్స్, అంటే సైజు ఉండొచ్చని ఒప్పుకున్న మేర, 20.000 నుంచి 19.979 వరకు. అక్కడ ఎవరూ 20.000కి సెట్ చేయరు. మధ్యకి, అంటే 19.9895కి, సెట్ చేస్తారు. ఏ సైజుని గురిపెట్టి ఆఫ్‌సెట్ (మెషీన్‌లో టూల్ స్థానానికి ఇచ్చే దిద్దుబాటు) ఇస్తారో అదే లక్ష్యం. దాన్ని జాబ్ కార్డు మీద ముందే రాసిపెట్టండి. పీసు కొలిచాక లక్ష్యం తేల్చుకుంటే చార్ట్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

నాలుగో మెట్టు: లెక్క

నాలుగు చిన్న బ్యాచ్‌లు వరసగా నడిచాయనుకుందాం. తేడాలు మైక్రాన్లలో:

- 20 మి.మీ. షాఫ్టు, 5 పీసులు: +3, +5, +2, +6, +4
- 35 మి.మీ. షాఫ్టు, 5 పీసులు: +1, +4, +3, +7, +5
- 12.5 మి.మీ. పిన్ను, 4 పీసులు: +2, 0, +4, +3
- 28 మి.మీ. షాఫ్టు, 6 పీసులు: +6, +5, +2, +4, +1, +3

మొత్తం 20 రీడింగులు. కూడితే 70, సగటు 3.5. ఇది మధ్య గీత.

ఇప్పుడు మూవింగ్ రేంజ్, అంటే పక్కపక్క పీసుల మధ్య తేడా, గుర్తుతో పని లేకుండా. మొదటి బ్యాచ్‌లో 3 నుంచి 5కి 2, 5 నుంచి 2కి 3, 2 నుంచి 6కి 4, 6 నుంచి 4కి 2. ఇలా ప్రతి బ్యాచ్ లోపలా కట్టండి. ఒక బ్యాచ్ చివరి పీసుకీ, తర్వాతి బ్యాచ్ మొదటి పీసుకీ మధ్య తేడాని సగటులో కలపకండి. ఆ మధ్యలో సెటప్ మారింది. ఆ తేడా మెషీన్ సంగతి కంటే సెట్టింగ్ సంగతే ఎక్కువ చెబుతుంది.

బ్యాచ్‌ల లోపల 16 రేంజ్‌లు వస్తాయి, మొత్తం 39, సగటు 2.44. ఇక హద్దులు:

- పై హద్దు: 3.5 + (2.66 × 2.44) = దాదాపు +10
- కింది హద్దు: 3.5 − (2.66 × 2.44) = దాదాపు −3
- రేంజ్ చార్ట్ పై హద్దు: 3.267 × 2.44 = దాదాపు 8. కింది హద్దు సున్నా.

2.66 ఆకాశంలోంచి ఊడిపడలేదు. రెండేసి పీసుల రేంజ్ సగటుని 1.128తో భాగిస్తే సిగ్మా, అంటే మామూలు హెచ్చుతగ్గు ఎంతో చెప్పే కొలమానం (స్టాండర్డ్ డీవియేషన్), వస్తుంది. మూడు సిగ్మాలు కావాలి కాబట్టి 3ని 1.128తో భాగిస్తే 2.66. మన ఉదాహరణలో సిగ్మా 2.16 మైక్రాన్లు. 20 రీడింగుల మొత్తాన్ని కాలిక్యులేటర్‌లో పెట్టి స్టాండర్డ్ డీవియేషన్ బటన్ నొక్కే షార్ట్‌కట్ వద్దు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య సెట్టింగ్ తేడా ఉంటే అది కూడా అందులో కలిసిపోయి హద్దులు వెడల్పవుతాయి. పట్టుకోవాల్సిన దొంగే హద్దుల లోపల దాక్కుంటాడు.

బ్యాచ్ కాస్త పెద్దదై 15 పీసులు దాటితే మూడేసి పీసుల సగటుతో కూడా చార్ట్ వేయొచ్చు. అప్పుడు 2.66 స్థానంలో 1.023, 3.267 స్థానంలో 2.574 వాడాలి. ఆరు, ఏడు పీసుల బ్యాచ్‌లకు విడి రీడింగుల చార్టే మేలు.

టాలరెన్స్ గీతల్ని ఈ చార్ట్ మీద గీయకండి. ఒక్కో పార్టుకి టాలరెన్స్ ఒక్కోలా ఉంటుంది. పైగా ఆ గీత కనిపిస్తే చూపంతా దాని మీదే ఉంటుంది, "లోపలే ఉందిగా, పర్లేదు" అనిపిస్తుంది. పీసు పాసా ఫెయిలా అన్నది ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూసుకుంటుంది. మెషీన్ నిన్నటిలాగే నడుస్తోందా అన్నది చార్ట్ చూసుకుంటుంది.

ఇదే డేటాలో ఇంకో కబురుంది. సగటు సున్నా కాదు, +3.5. బ్యాచ్ సగటులు చూస్తే 4, 4, 2.25, 3.5. అన్నీ ప్లస్ వైపే, పెద్దగా తేడా లేకుండా. ఇది మెషీన్ లోపం కాకపోవచ్చు. బయటి డయా కాస్త ఎక్కువుంటే ఇంకో కట్ వేసి దించొచ్చు, తక్కువైతే పీసు పోయినట్టే. అందుకే చేయి తిరిగిన ఆపరేటర్ ఎప్పుడూ కొంచెం ప్లస్‌లోనే ఉంచుతాడు. టాలరెన్స్ ప్లస్ ఆర్ మైనస్ 15 మైక్రాన్లయితే ఈ అలవాటుతో వచ్చిన నష్టమేమీ లేదు: (15 − 3.5) ÷ (3 × 2.16) అంటే సీపీకే (హెచ్చుతగ్గులకు టాలరెన్స్‌లో ఎంత చోటుందో చెప్పే అంకె) దాదాపు 1.77. అదే ప్లస్ ఆర్ మైనస్ 10 అయితే 1.0కి పడిపోతుంది. అప్పుడు ఆపరేటర్‌తో కూర్చుని మాట్లాడాలి. 20 రీడింగులతో కట్టిన సీపీకే ఉజ్జాయింపే. కస్టమర్‌కి పంపే కాగితం మీద దాన్ని రెండు దశాంశాలతో రాసి గొప్పలకు పోవద్దు.

ఐదో మెట్టు: చార్ట్ చదవడం

ఐదో బ్యాచ్ వచ్చింది. 40 మి.మీ. షాఫ్టు, ఐదు పీసులు: +4, +6, +8, +9, +12.

టాలరెన్స్ ప్లస్ ఆర్ మైనస్ 15 అనుకుంటే ఐదూ పాసే. ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ కన్నెత్తి చూడరు. చార్ట్ మీద మాత్రం ఐదో చుక్క పై హద్దు 10ని దాటేసింది. రేంజ్ చార్ట్ చూస్తే 2, 2, 1, 3, అంతా ప్రశాంతం. ఈ రెంటినీ కలిపి చదవాలి. పీసుకీ పీసుకీ మధ్య హెచ్చుతగ్గు పెరగలేదు, అంటే బిగింపు వదులవలేదు, బేరింగ్ గోల లేదు. ఉన్నదంతా ఒకే దిక్కున నడిచిపోతోంది. బయటి డయా మెల్లగా పెరుగుతోందంటే మొదట చూడాల్సింది ఇన్సర్ట్ అంచు. ఇన్సర్ట్ బాగానే ఉంటే కూలెంట్, ఆ తర్వాత మెషీన్ వేడెక్కిన తీరు.

దీనికి తిరగేసిన బొమ్మ కూడా ఉంటుంది. చుక్కలు మధ్య గీతకి అటూ ఇటూ హద్దుల లోపలే ఉంటాయి, రేంజ్ చార్ట్‌లో మాత్రం ఒక్కసారిగా 9 పడుతుంది. అప్పుడు ఇన్సర్ట్ జోలికి పోకుండా చక్ జాలు (పీసుని పట్టుకునే దవడలు), టెయిల్‌స్టాక్ బిగింపు, బార్ మెటీరియల్, కొలిచిన చేయి చూడండి.

ఏ నియమాలు వాడాలన్నది తర్వాతి ప్రశ్న. 1956లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ప్రచురించిన నాలుగు నియమాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: హద్దు దాటిన ఒక చుక్క, మూడింట రెండు చుక్కలు ఒకే పక్కన రెండు సిగ్మాల అవతల, ఐదింట నాలుగు ఒకే పక్కన ఒక సిగ్మా అవతల, వరసగా ఎనిమిది ఒకే పక్కన. నాలుగూ పెట్టుకుంటే భద్రంగా ఉంటుందనిపిస్తుంది. కానీ మొదటి నియమం ఒక్కటే వాడితే, ఏ గొడవా లేని మెషీన్ మీద సగటున 370 చుక్కలకు ఒక దొంగ అలారం మోగుతుంది. నాలుగూ వాడితే దాదాపు 92కే మోగుతుంది. నాలుగైదు ఉత్తుత్తి అలారాలు వినేసరికి ఆపరేటర్ చార్ట్ వైపు చూడటం మానేస్తాడు. నా మటుకు చిన్న బ్యాచ్‌లకు మొదటిది, చివరిది చాలు.

మెల్లగా సాగే మార్పుని ఇంకాస్త ముందే పట్టుకోవాలంటే ఈడబ్ల్యూఎంఏ అనే పద్ధతి ఉంది, 1959 నాటిది. కొత్త చుక్కకి 0.2 వంతు, పాత విలువకి 0.8 వంతు ఇచ్చి కలుపుతూ పోవడమే. ఈ వంతులతో మూడు సిగ్మాల హద్దు సరిగ్గా ఒక సిగ్మా దూరానికి వస్తుంది. మన లెక్కలో పై హద్దు 3.5 + 2.16 = 5.66. మధ్య గీత నుంచి మొదలుపెట్టి ఐదో బ్యాచ్‌ని నడిపించండి: 3.60, 4.08, 4.86, 5.69. నాలుగో పీసుకే హద్దు దాటింది. ఒక్క పీసు ముందు తెలియడం చిన్న విషయంగా అనిపించొచ్చు, బ్యాచ్ మొత్తం ఐదే అయినప్పుడు కాదు.

ఆరో మెట్టు: చుక్క పడ్డాక ఏం చేయాలి, ఏం చేయకూడదు

హద్దు దాటితే పని ఆపండి, కారణం వెతకండి, దొరికింది చార్ట్ మీదే ఆ చుక్క పక్కన రాయండి. "ఇన్సర్ట్ మార్చాం", "కొత్త బార్", "రెండో షిఫ్టు", "కూలెంట్ నింపాం". ఈ రాతలు లేని చార్ట్ నెల తర్వాత ఎందుకూ పనికిరాదు. కారణం దొరకకపోతే "దొరకలేదు" అనే రాయండి. ఏదో ఒకటి రాయాలని "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాసే అలవాటు ఉన్నచోట నిజం రీడింగులు రావడం కూడా ఆగిపోతుంది.

హద్దు దాటకపోతే ఆఫ్‌సెట్ ముట్టుకోకండి. చెప్పడం తేలిక, చేయి ఆపడం కష్టం. +6 రాగానే 6 మైక్రాన్లు తగ్గిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. నిలకడగా ఉన్న మెషీన్ మీద ప్రతి పీసుకీ దాని తేడా అంతా వెనక్కి దిద్దుతూ పోతే సిగ్మా 1.41 రెట్లవుతుంది. మన ఉదాహరణలో 2.16 కాస్తా 3.05. క్వాలిటీ నిపుణుడు డెమింగ్ గరాటు, గోలీ ప్రయోగంతో పదేపదే చూపించింది ఇదే. కష్టపడి దిద్దినందుకు దక్కేది మరింత పెద్ద హెచ్చుతగ్గు.

సెటప్ కొత్తగా చేసినప్పుడు మాత్రం సంగతి వేరు. మొదటి పీసు మధ్య గీతకి దూరంగా పడితే అది సెట్టింగ్ తప్పా, మామూలు హెచ్చుతగ్గా అని ఒక్క పీసుతో తేలదు. హద్దు దాటితే దిద్దండి. లోపల ఉంటే రెండో పీసు చూసి, ఆ రెంటి సగటు మీద నిర్ణయించండి. రెండు పీసుల సగటుకి హద్దు దగ్గరవుతుంది: 2.16ని 1.414తో భాగించి మూడు రెట్లు చేస్తే 4.6. అంటే సగటు −1.1 నుంచి +8.1 మధ్య ఉంటే కదపకుండా సాగిపోండి.

ఏడో మెట్టు: అన్ని పార్టుల చిందరవందర ఒకటేనా?

తేడా చార్ట్‌కి ఒక షరతుంది: కుటుంబంలోని పార్టులన్నింటి హెచ్చుతగ్గు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండాలి. ఒక పార్టు సగటు రేంజ్‌ని మొత్తం సగటు రేంజ్‌తో భాగించి చూడండి. 1.3 దాటినా, 0.7 కంటే తగ్గినా అనుమానించండి. అయితే నాలుగు పీసులు చూసి తీర్పు చెప్పకండి, అదే పార్టు రెండు మూడు సార్లు తిరిగి వచ్చాక చూడండి.

నిజంగానే తేడా ఉందనుకుందాం. ఇత్తడి పార్టుల సగటు రేంజ్ 1.5, ఉక్కు పార్టులది 4. రెండూ ఒకే చార్ట్ మీద ఉండాలంటే ప్రతి తేడానీ ఆ పార్టు సగటు రేంజ్‌తో భాగించండి. ఉక్కు పీసు మీద +6 వస్తే 6 ÷ 4 = 1.5. ఇత్తడి పీసు మీద అదే +6 వస్తే 6 ÷ 1.5 = 4. హద్దులు అందరికీ ఒకటే, +2.66, −2.66. రేంజ్‌లని కూడా అలాగే భాగిస్తే పై హద్దు 3.267. చూశారుగా, ఉక్కుకి మామూలైన +6 ఇత్తడికి పెద్ద అలారం. ఈ చార్ట్‌లో మధ్య గీత సున్నా, కాబట్టి లక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా ఎంచాలి. ఒక ఇబ్బంది కూడా ఉంది. చుక్క 1.5 దగ్గర పడితే అది ఎన్ని మైక్రాన్లో ఆపరేటర్‌కి తెలియదు. అందుకని వీలైనంతవరకు మామూలు తేడా చార్ట్‌తోనే నెట్టుకురండి. తప్పనిసరైతేనే దీనికి రండి, అప్పుడు కూడా అసలు రీడింగుని చుక్క కిందే రాయండి.

ఎనిమిదో మెట్టు: హద్దులు ఎప్పుడు ఖాయం చేయాలి?

ఆరేడు రీడింగులు రాగానే తాత్కాలిక హద్దులు పెన్సిల్‌తో గీసి మొదలుపెట్టొచ్చు. పదికి ఒకసారి, ఇరవైకి ఒకసారి తిరగగట్టండి. ఆ తర్వాత ఖాయం చేసి ఆపండి. ప్రతి కొత్త చుక్కకీ హద్దులు మారిపోయేలా ఎక్సెల్ షీట్ కట్టుకుంటే ఐదో బ్యాచ్ లాంటి అరుగుదల తన హద్దుని తానే పైకి లాక్కుపోతుంది, అలారం మోగదు. కారణం తెలిసిన చెడ్డ చుక్కని లెక్కలోంచి తీసేయండి, చార్ట్ మీంచి కాదు. కారణం తెలియని చుక్కని రెండు చోట్లా ఉంచండి.

స్పిండిల్ రిపేరు, ఇన్సర్ట్ గ్రేడ్ మార్పు, కొత్త ఫిక్స్చర్, వీటిలో ఏది జరిగినా పాత హద్దులకు కాలం చెల్లినట్టే. చార్ట్ మీద నిలువు గీత గీసి మళ్లీ పెన్సిల్ పట్టండి.

ఈ పద్ధతి సరిపడని చోట్లు

గో, నోగో గేజ్‌తో పాసా ఫెయిలా అని మాత్రమే చూసే పనుల్లో చిన్న బ్యాచ్‌లకు చార్ట్ దాదాపు దండగ. ఐదు పీసుల్లో ఒకటి ఫెయిలైతే 20 శాతం, లేకపోతే సున్నా. ఆ అంకెలు ఎంత ఊగినా వాటినుంచి నేర్చుకునేదేమీ ఉండదు. కుదిరితే గేజ్ తీసేసి కొలత రాయండి. కుదరకపోతే ఒక ఫెయిల్‌కీ ఇంకో ఫెయిల్‌కీ మధ్య ఎన్ని మంచి పీసులు వచ్చాయో లెక్కపెట్టండి, ఆ లెక్క బ్యాచ్‌లతో సంబంధం లేకుండా సాగుతూ పోతుంది.

సెటప్ ఓకే చేయడానికి ప్రీ-కంట్రోల్ అనే పద్ధతిని కొందరు వాడతారు. టాలరెన్స్‌లో మధ్య సగం పచ్చ, మిగతాది పసుపు, వరసగా ఐదు పీసులు పచ్చలో పడితే సెటప్ ఓకే. పెద్ద బ్యాచ్‌కి బాగుంది. ఆరు పీసుల బ్యాచ్‌లో ఐదు సెటప్‌కే పోతే మిగిలేది ఒకటి. పైగా దాని గీతలు టాలరెన్స్ నుంచి పుట్టినవి, మెషీన్ నడక నుంచి కాదు. కంట్రోల్ చార్ట్ చెప్పే సంగతి అది చెప్పదు.

ఇక ఆర్డరే ఒక్క పీసైతే? ఆ పీసు మీద ఉన్న డయాలన్నీ ఒకే ఫినిష్ టూల్‌తో పడితే అవే రీడింగులు: ఒక షాఫ్టు మీద నాలుగు మెట్లుంటే నాలుగు తేడాలు. కాకపోతే అవి ఒకే బిగింపులో వచ్చినవి కాబట్టి వాటి మధ్య రేంజ్ చిన్నదిగానే ఉంటుంది. దాన్ని పీసుకీ పీసుకీ మధ్య హెచ్చుతగ్గుగా లెక్కగడితే హద్దులు మరీ ఇరుకైపోతాయి. నాలుగింటి సగటుని ఒక చుక్కగా పెట్టి, అలాంటి చుక్కల మధ్య మూవింగ్ రేంజ్ కట్టండి. ఇక్కడ ప్రతి పీసూ కొత్త సెటప్పే కాబట్టి సెటప్ తేడా ఎలాగూ హద్దుల్లోకి వస్తుంది. అది కూడా వీలుకాని పనుల్లో, అంటే ఫర్నేస్, ప్లేటింగ్ లాంటి చోట్ల, పీసుని వదిలేసి ఫర్నేస్ ఉష్ణోగ్రతకో, ద్రావణం గాఢతకో చార్ట్ గీయండి. ఏ ఆర్డరు వచ్చినా, ఎన్ని పీసులున్నా ఆ రీడింగులు రోజూ వస్తూనే ఉంటాయి.